మగ కప్పల గొంతు వినడం, రికార్డు చేయడం, గుర్తుపట్టడం: వరంగల్ పరిసరాల కుంటల కోసం సమగ్ర మార్గదర్శి

వానాకాలం మొదలయ్యాక నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. ఫోన్‌లో ముప్పై సెకన్ల ఆడియో పంపి, "ఇది ఏ కప్ప?" అంటారు. విని చూస్తే అందులో నాలుగైదు జాతుల గొంతులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటికి తోడు గొడుగు మీద వాన చప్పుడు, పక్కన ఎవరివో మాటలు. అలాంటి రికార్డును బట్టి జాతిని చెప్పడం ఊహే అవుతుంది. కుంట గట్టు మీద నిలబడి గంటసేపు చేసిన రికార్డు కంటే, ఒక్క మగ కప్పను దగ్గర నుంచి మూడు నిమిషాలు రికార్డు చేసి, అది ఎక్కడ కూర్చుని అరిచిందో, అప్పుడు నీరు ఎంత వెచ్చగా ఉందో రాసుకోవడం ఎన్నో రెట్లు ఉపయోగం. ఆ ఒక్క కప్ప దగ్గరకు చేరడం ఎలాగో వరుసగా చెబుతాను.

1. ముందుగా అరుపుల్లో తేడా తెలుసుకోవాలి

కుంట దగ్గర మనకు వినిపించేదంతా దాదాపు మగ కప్పల గొంతే. చాలా జాతుల్లో ఆడ కప్పలు అరవవు, అరిచినా ఆ చప్పుడు చాలా మెల్లగా ఉంటుంది. మగ కప్ప ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుని, నోరూ ముక్కు రంధ్రాలూ మూసుకుని, ఆ గాలిని స్వరపేటిక మీదుగా నోట్లోకి నెడుతుంది. నోటి అడుగున ఉన్న సన్నని చీలికల గుండా గాలి గొంతు కింది సంచిలోకి చేరి దాన్ని బుడగలా ఉబ్బిస్తుంది. ఉబ్బిన ఆ చర్మమే ధ్వనిని చుట్టూ వెదజల్లుతుంది. ఆ గాలి మళ్లీ ఊపిరితిత్తుల్లోకే తిరిగి వస్తుంది కాబట్టి ప్రతి అరుపుకూ నోరు తెరవాల్సిన అవసరం కప్పకు ఉండదు.

అయితే మగ కప్ప చేసే ప్రతి చప్పుడూ ఆడ కప్ప కోసం కాదు. ఈ నాలుగింటినీ వేరు చేయగలిగితే సగం పని అయినట్టే.

- పిలుపు: జాతిని గుర్తుపట్టడానికి పనికివచ్చేది ఇదే. ఒకే తీరుగా, ఒకే లయలో పదే పదే వస్తుంది. ఆడ కప్ప తన జాతి మగవాటిని ఎంచుకునేది కూడా దీన్ని బట్టే.
- హెచ్చరిక: ఇంకో మగ కప్ప మరీ దగ్గరకు వచ్చినప్పుడు పిలుపు మధ్యలో ఆగి, పొట్టిగా, గరుకుగా మారుతుంది. కొన్నిసార్లు రెండూ కుమ్ములాటకు దిగుతాయి.
- విడుదల అరుపు: ఒక మగ కప్ప పొరపాటున ఇంకో మగదాన్ని పట్టుకున్నప్పుడు, పట్టుబడినది "నేను ఆడదాన్ని కాను, వదులు" అన్నట్టుగా చేసే తొందర తొందర చప్పుడు. అప్పుడు దాని ఒళ్లంతా అదురుతుంది.
- ఆపద అరుపు: పాము నోట పడ్డప్పుడు నోరు తెరిచి పెట్టే కీచు కేక. ఆడ కప్పలు కూడా ఇలా అరుస్తాయి. దీన్ని బట్టి జాతి చెప్పబోకండి.

ఒకే జాతిలో పెద్ద ఒళ్లున్న మగ కప్ప గొంతు సాధారణంగా బొంగుగా, చిన్నదాని గొంతు కొంచెం సన్నగా ఉంటుంది. గొంతు కొంత సన్నగా వినిపించగానే అది వేరే జాతి అనుకోకూడదు.

2. కాలం, చోటు

మన దగ్గర మిరుగం అనే మృగశిర కార్తె జూన్ రెండో వారానికి కాస్త ముందే మొదలవుతుంది. నైరుతి రుతుపవనాలు కూడా దాదాపు అప్పుడే తెలంగాణకు చేరుతాయి. నేల బాగా తడిసే మొదటి పెద్ద వాన పడిన రాత్రి, దాని తరువాతి రెండు మూడు రాత్రులు ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకూడనివి. గోదురు కప్ప, నేలలో దాగి ఉండే బుడగ కప్పల వంటివి ఆ కొద్ది రాత్రుల్లోనే ఒక్కసారిగా బయటకు వచ్చి, అరిచి, గుడ్లు పెట్టి మళ్లీ కనుమరుగవుతాయి. ఆ రాత్రులు దాటిపోతే చాలావరకు మళ్లీ అలాంటి పెద్ద వాన కోసం ఎదురుచూడాల్సిందే. పొలాల్లో ఉండే చిన్న కప్పలు, చెట్టు కప్పలు మాత్రం సెప్టెంబరు దాకా విడతలు విడతలుగా అరుస్తూనే ఉంటాయి, కాబట్టి వాటికి తొందర లేదు.

చోటు విషయంలో ఎక్కువ మంది పొరపడుతున్నారు. కప్పల కోసం అనగానే పాకాలకో, రామప్పకో, లక్నవరానికో బయలుదేరుతారు. పెద్ద చెరువుల్లో ఏడాది పొడవునా నీళ్లు, ఆ నీళ్లలో చేపలు ఉంటాయి. గుడ్లనూ తోకకప్పలనూ చేపలు తినేస్తాయి. అందుకే వానకు మాత్రమే నిండి వేసవికి ఎండిపోయే కుంటల్లో, రోడ్డు పక్క మొరం తవ్విన గుంతల్లో, నారుమళ్లలో, కరిగెట చేసిన పొలాల్లో ఎక్కువ జాతులు దొరుకుతాయి. పెద్ద చెరువుకే వెళ్లదలిస్తే కట్ట మీద నిలబడకుండా, మత్తడి దిగువన నీళ్లు పల్చగా పరుచుకున్న గడ్డిలో వెతకండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల లోపలికి రాత్రిపూట అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. హన్మకొండ చుట్టుపక్కల ఊళ్ల కుంటల్లోనే నేర్చుకోవడానికి కావలసినంత ఉంది.

పగలు ఒకసారి వెళ్లి చోటు చూసి రావడం తప్పనిసరి. గట్టు ఎక్కడ జారుతుందో, చేదబావి లేదా వ్యవసాయ బావి ఎక్కడ ఉందో, మోటారు తీగలు ఎటు పోతున్నాయో పగటి వెలుతురులో చూసుకుని, పొలం యజమానికి "రాత్రి కప్పల చప్పుడు రికార్డు చేయడానికి వస్తాం" అని ముందే చెప్పాలి. అడవి పందుల కోసం కొందరు చేన్ల చుట్టూ చట్టవిరుద్ధంగా కరెంటు తీగ కడతారు, అలాంటి తీగలకు మనుషులు కూడా బలయ్యారు. ఆ చుట్టుపక్కల ఎక్కడా తీగ లేదని రైతు నోటి నుంచి విన్నాకే రాత్రి అక్కడ అడుగు పెట్టండి.

3. వెంట ఉండవలసినవి

- రికార్డరు, లేదా రికార్డింగ్ యాప్ ఉన్న ఫోన్. పూర్తి ఛార్జింగ్, ఫ్లైట్ మోడ్.
- బయటి మైకు ఉంటే మంచిది. దానికి స్పాంజి తొడుగు తప్పనిసరి.
- తలకు కట్టుకునే లైటు, దాని ముందు అంటించడానికి ఎర్ర పారదర్శక కాగితం.
- మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఒక చేతికర్ర.
- చిన్న థర్మామీటరు.
- పెన్సిలు, గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం. పెన్ను సిరా తడికి పారుతుంది.
- రెయిన్‌కోటు. గొడుగు వద్దు, దాని మీద పడే చినుకుల చప్పుడు రికార్డు మొత్తాన్ని మింగేస్తుంది.
- తోడుగా ఒక మనిషి. ఇది ఐచ్ఛికం కాదు.

యాప్‌లో బయలుదేరేముందే మూడు మార్పులు చేసి పెట్టుకోండి: ఫైలు రకం వావ్ (WAV), నమూనా రేటు 44.1 కిలోహెర్ట్జ్, ఆటోమేటిక్ గెయిన్ (ధ్వని బలాన్ని ఫోన్ తనంతట తానే పెంచి తగ్గించడం), శబ్ద నివారణ రెండూ బందు. ఫోన్ మన మాటల కోసం తయారైనది కాబట్టి, ఒకే తీరుగా సాగే చప్పుడును అనవసరమైన మోతగా లెక్కగట్టి తగ్గిస్తుంది. గోదురు కప్పల మధ్య నిలబడి చేసిన నా మొదటి ఏడాది రికార్డుల్లో కప్పల గొంతు అలలా పెరిగి తరుగుతుంటే, అది వాటి తీరే అనుకుని పుస్తకంలో అలాగే రాసుకున్నాను. మరుసటి ఏడు రికార్డరుతో వింటే అవి సమానమైన బలంతో అరుస్తున్నాయి. పెంచి తగ్గించినది ఫోన్.

4. కుంట దగ్గరకు చేరే క్రమం

చీకటి పడ్డ అరగంటకు కుంటకు నూరు అడుగుల దూరం చేరి అక్కడే ఆగండి. లైటు ఆర్పి ఐదు నిమిషాలు వినండి. ఏ వైపు నుంచి ఎన్ని రకాల గొంతులు వస్తున్నాయో పుస్తకంలో చిన్న బొమ్మ గీసుకోండి. దగ్గరకు వెళ్లాక అన్నీ కలిసిపోయి ఈ లెక్క దొరకదు.

తరువాత ఎర్ర వెలుతురులో, కర్రతో ముందు గడ్డిని తడుతూ, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నడవండి. మీరు గట్టెక్కగానే అన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే ఓపిక కోల్పోయి ఇంకో కుంటకు పోతారు. పోవద్దు. ఒక చోట కూర్చోండి, లైటు ఆర్పండి, కదలకండి. పది పదిహేను నిమిషాల్లో దూరపు మూల నుంచి ఒకటి మొదలుపెడుతుంది, దానికి ఇంకోటి బదులిస్తుంది, చివరికి మీ పాదాల పక్కనున్నదీ అందుకుంటుంది. మొదలుపెట్టిన క్రమం కూడా రాసుకోదగినదే.

5. ఒక్క కప్పను రికార్డు చేయడం

ఇక అసలు పని. అంచెలు తప్పకుండా పాటించండి.

మొదటి అంచె: దగ్గరలో అరుస్తున్న కప్పల్లో ఒకదాన్ని ఎంచుకోండి. అన్నిటికంటే గట్టిగా అరిచేదాన్ని కాదు, గుంపుకు కాస్త ఎడంగా ఉన్నదాన్ని.

రెండో అంచె: తలను కుడికీ ఎడమకూ తిప్పుతూ, అవసరమైతే అరచేతులు చెవుల వెనుక దోనెలా పెట్టి, చప్పుడు వచ్చే గీతను పట్టుకోండి. తోడు వచ్చిన మనిషి పది అడుగుల పక్క నుంచి అలాగే చేసి చేయి చూపితే, మీ ఇద్దరి గీతలు కలిసే చోట కప్ప ఉంటుంది. చిన్న కప్పల విషయంలో ఈ పద్ధతి తప్ప వేరే దారి లేదు.

ఒకసారి నారుమడి గెట్టు మీద అరగంట కూర్చున్నాక ఈ పద్ధతిలోనే ఒకదాన్ని కనుగొన్నాను. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, గిట్టలు దిగి ఏర్పడిన గుంటలో, వంగిన నారు పోచ కింద కూర్చుని ఉంది. సంచి ఉబ్బితే దాని తల కనబడలేదు, ఒళ్లంత బుడగ ఒకటి ముందుకు వచ్చి నిలిచింది. అరిచిన ప్రతిసారీ ఆ పోచ కొస వణికింది, గుంటలో నీటి మీద సన్నని వలయాలు లేచాయి. అంత చప్పుడు అంత చిన్న ఒంటి నుంచి వస్తున్నదని కళ్లతో చూసేదాకా నేను రెండు అడుగుల అవతల పెద్ద కప్ప కోసం వెతుకుతూనే ఉన్నాను.

మూడో అంచె: మైకును అర మీటరు నుంచి మీటరు దూరంలో, కప్ప వైపు గురిపెట్టి, నేల మీదో కర్రకు కట్టో పెట్టండి. చేతిలో పట్టుకుంటే వేళ్ల రాపిడి రికార్డు అవుతుంది. దూరం రెట్టింపు అయిన కొద్దీ ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఒక్క అడుగు దగ్గర కావడం ఖరీదైన మైకు కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగో అంచె: స్థాయి సరిచూడండి. కప్ప గట్టిగా అరిచినప్పుడు మీటరు ముల్లు సున్నాకు 12 నుంచి 6 డెసిబెల్స్ కింద ఆగాలి. సున్నాను తాకితే ధ్వని చిట్లుతుంది, చిట్లినదాన్ని తరువాత ఎవరూ బాగుచేయలేరు.

ఐదో అంచె: నొక్కి, చేయి తీసేసి, మూడు నిమిషాలు ఊపిరి కూడా మెల్లగా తీసుకోండి. మధ్యలో కప్ప ఆగినా రికార్డింగ్ ఆపకండి. ఒక పిలుపుకూ మరో పిలుపుకూ మధ్య ఉన్న నిశ్శబ్దం కూడా కొలవదగినదే.

ఆరో అంచె: ఆపే ముందు మీ గొంతుతో తేదీ, సమయం, ఊరి పేరు, రికార్డు సంఖ్య పలకండి. ఫైళ్లు కలిసిపోయినప్పుడు దీనితోనే బయటపడతాం.

ఏడో అంచె: ఇప్పుడు మాత్రమే తెల్లని లైటు వేసి, ఒకటి రెండు ఫొటోలు తీయండి. పక్క నుంచి ఒకటి, గొంతు కనబడేలా ఒకటి. వెంటనే థర్మామీటరును కప్ప కూర్చున్న చోటే పెట్టండి. నీళ్లలో ఉంటే నీటి ఉష్ణోగ్రత, గట్టు మీదో కొమ్మ మీదో ఉంటే గాలి ఉష్ణోగ్రత. కప్ప ఒంటి వేడి చుట్టూ ఉన్నదాన్ని బట్టి మారుతుంది; చల్లబడితే అదే కప్ప అదే పిలుపును నెమ్మదిగా పలుకుతుంది. ఉష్ణోగ్రత లేని రికార్డులో లయను లెక్కించినా పోల్చడానికి పనికిరాదు.

ఫొటో తీసేటప్పుడు దాని పక్కనే గొంతు విప్పకుండా కూర్చున్న ఇంకో కప్ప కనిపిస్తే రాసుకోండి. చాలా జాతుల్లో కొన్ని మగ కప్పలు తాము అరవకుండా, అరిచేదాని దగ్గరకు వచ్చే ఆడ కప్పను మధ్యలో పట్టుకోవాలని పొంచి ఉంటాయి.

6. మన దగ్గర తరచుగా వినిపించే గొంతులు

చెవితో మొదలుపెట్టి, చోటుతో సరిచూసుకోండి. ఈ రెండూ కలవకపోతే మీ ఊహ తప్పు అనుకోవడమే మంచిది.

గోదురు కప్పను ఎవరైనా గుర్తుపట్టగలరు. మొదటి వానకు మగవి పసుపు పచ్చగా మారతాయి, గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతాయి. పల్చని నీళ్లలో తేలుతూ బొంగు గొంతుతో, పగలు కూడా అరుస్తాయి. శాస్త్రీయ నామం హోప్లోబాట్రాకస్ టైగెరినస్.

ఇళ్ల చుట్టూ తిరిగే బొడిపెల కప్ప, అంటే డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్, కుంట అంచున నిటారుగా కూర్చుని గిలక తిరుగుతున్నట్టు "కుర్ర్‌ర్‌ర్" అని సాగదీస్తుంది. గొంతు కింద ఒకే సంచి ఉంటుంది. విడుదల అరుపు ఎక్కువగా వినబడేది కూడా వీటి గుంపులోనే, ఎందుకంటే మగవి కదిలిన ప్రతిదాన్నీ పట్టుకోజూస్తాయి.

పొలం కప్పలు మినర్వార్య ప్రజాతివి. కరిగెట మడుల్లో, గెట్ల పక్కన "ట్రిక్ ట్రిక్ ట్రిక్" అని ఇలకోడిలా పలుకుతాయి. మగదాని గొంతు మీద నల్లని మచ్చ ఉంటుంది. వీటిలో ఒకదానికొకటి చాలా దగ్గరగా పోలిన జాతులు ఉన్నాయి కాబట్టి ప్రజాతి దగ్గరే ఆగండి. జాతి పేరు రాయాలనే ఆశకు లొంగకండి.

నారుమడిలో నాకు కనబడిన చిన్నది మైక్రోహైలా ఆర్నాటా. దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు గరగరమంటుంది. మరునాడు ఉదయం అదే చోట నీటి మీద పల్చని పొరలా గుడ్లు కనబడితే మీ ఊహకు అదొక ఆధారం.

చెట్టు కప్ప, అంటే పాలిపెడేట్స్ మాకులాటస్, ఇంటి స్నానాల గదుల్లో, సిమెంటు తొట్ల దగ్గర, కుంట మీదికి వంగిన కొమ్మల మీద ఉంటుంది. తలుపు మీద వేలి కణుపులతో కొట్టినట్టు "టక టక టక" అని ఆగి ఆగి పలుకుతుంది. నీటి పైన వేలాడే తెల్లని నురుగు గూడు దీనిదే.

బుడగ కప్పలు యూపెరోడాన్ ప్రజాతివి. ఒళ్లంతా గాలితో ఉబ్బించుకుని నీళ్లపై తేలుతూ, మూలిగినట్టు బరువైన గొంతుతో అరుస్తాయి. దూరం నుంచి ఇది కప్ప అని చాలామంది నమ్మరు.

ఏడాది పొడవునా నీళ్లున్న చోట, అడుగు వేయగానే నీటి మీద ఎగురుతూ పోయే కప్ప యూఫ్లిక్టిస్. వానాకాలం కానప్పుడు సాధన చేయడానికి ఇదే మంచి తోడు.

7. తప్పులు, వాటి సవరణలు

కీచురాళ్ల చప్పుడును కప్ప అనుకోవడం: దగ్గరకు వెళ్లి చేయి ఊపండి. కప్పలైతే చాలావరకు చుట్టుపక్కలవన్నీ కలిసి ఆగుతాయి. ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో కీచురాళ్లది చాలావరకు పైన సన్నని గీతగా ఉంటుంది, మన కప్పల పిలుపులు ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్ లోపే ఉంటాయి.

మోటారు మోత: పొలం మోటారు నడుస్తుంటే 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర అడ్డగీతలు పడతాయి. తరువాత తీసివేయబోతే గోదురు కప్ప గొంతు కూడా కొంత పోతుంది. రైతును అడిగి పది నిమిషాలు ఆపించుకోవడం తేలిక. వినాయక నవరాత్రుల్లో ఊరి దగ్గరి కుంటలు ఆశించకండి, మైకుల మోత అర్ధరాత్రి దాకా ఉంటుంది.

రికార్డు చేసిన గొంతును మళ్లీ వినిపించి కప్పను రెచ్చగొట్టడం: ఇది చేయకండి. అది పిలుపు మాని హెచ్చరికకు దిగుతుంది, అప్పుడు మీకు దొరికేది తప్పు అరుపు. అరవడానికి అది ఖర్చు చేసే శక్తి కూడా తక్కువేమీ కాదు.

చేతితో పట్టుకోవడం: దోమల మందు రాసుకున్న చేతితో తాకితే అది కప్ప చర్మం గుండా లోపలికి పోతుంది. వానలు పడనప్పుడు కప్పను రోకలికి కట్టి ఊరేగించే కప్పతల్లి ఆట చూసి పెరిగినవాళ్లం కాబట్టి మనకు కప్పను పట్టుకోవడం తప్పనిపించదు, అయినా ఈ పనికి దాన్ని ముట్టుకోవలసిన అవసరమే లేదు.

పాములు: కప్పలున్న చోటికి నాగుపాము, కట్లపాము, రక్తపింజర వస్తాయి. చేయి పెట్టే చోట ముందు వెలుతురు పడాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటు మందు ఏవీ వద్దు. కాలు కదపకుండా కూర్చోబెట్టి 108కు ఫోన్ చేసి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

8. ఇంటికి వచ్చాక

బూట్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో కుంటకు తొడగాలి. కప్పల చర్మానికి సోకే శిలీంధ్రం తడి బూట్లతో ఒక నీటి నుంచి ఇంకో నీటికి చేరగలదు.

ఆ రాత్రే ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీద పని చేయండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో స్పెక్ట్రోగ్రామ్ చూపే వీలుంది. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, రంగుల తేడాలో ధ్వని బలం ఉంటాయి. ఒక పిలుపు ఎంతసేపు ఉంది, నిమిషానికి ఎన్ని పిలుపులు, అన్నిటికంటే బలమైన పట్టీ ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉంది అనే మూడింటిని కనీసం పది పిలుపుల్లో కొలిచి, సగటు రాసుకోండి.

ప్రతి రికార్డుకూ పుస్తకంలో ఈ వరుస నిండిందో లేదో చూసుకోండి:

- తేదీ, మొదలైన సమయం, ఊరు, జీపీఎస్ గుర్తు
- వాన ఎప్పుడు ఆగింది, గాలి ఉందా
- నీటి లేదా గాలి ఉష్ణోగ్రత
- కప్ప కూర్చున్న చోటు, నీటి లోతు
- పక్కన అరుస్తున్న ఇతర జాతులు
- మైకు దూరం, ఫైలు పేరు, ఫొటో సంఖ్య
- మీ ఊహ, దానిపై మీ నమ్మకం ఎంత

జీవుల పరిశీలనలను పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ఆడియోను ఫొటోతో కలిపి ఒకే పరిశీలనగా పెట్టండి. పేరు తెలియకపోతే "కప్పలు" అనే పై స్థాయిలోనే వదిలి, మిగతా వివరాలన్నీ వ్యాఖ్యలో రాయండి. గోదురు కప్పలు గుంపుగా చేరిన కుంట అయితే ఖచ్చితమైన చోటును దాచి పెట్టండి, వాటిని తినడానికి పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరునాడు సాయంత్రం, వాన పడ్డా పడకపోయినా, అదే కుంటకు అదే వేళకు వెళ్లి ముందు గీసిన బొమ్మ పక్కన రెండోది గీయండి. నిన్న అరిచిన మూల నేడు నిశ్శబ్దంగా ఉంటే ఆ మూలలో నీటి అంచుకు వంగి, గుడ్లు పడ్డాయేమో చూడండి.